లుద్మిల నత్తలు

హోదొనిన్ ఊళ్ళో చేపల గురించి అబద్ధం చెప్పని మనిషి ఒక్కడే ఉన్నాడు. అది నేనే. ఆ క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఓటకర్ ఇంట్లో బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటే, అందులో నాలుగో కుర్చీ నాది. అందుచేత ఈ కథలో ప్రతి మాటా నా చెవిన పడ్డదే, ప్రతి ముల్లూ నా కంటబడ్డదే.

ఓటకర్ రైల్వే షెడ్డులో ఫిట్టరు. మా బిల్డింగులో మూడో అంతస్తులో కాపురం. చేతులు మొరటువే గాని, ఆ చేతులతోనే ముందుగదిలో గోడ పొడుగునా అక్వేరియం కట్టుకున్నాడు. అందులో డిస్కస్ అనే జాతి చేపల జంట ఒకటి. సాసరంత గుండ్రంగా, నీలం చారలతో, పెద్దింటి కోడళ్ళలా తలెత్తి తిరిగేవి. వాటి కోసం బర్నో పట్నానికి నాలుగుసార్లు రైలెక్కాడు. ఆ జాతి ఇంట్లో పిల్లలు పెట్టడం మా జిల్లాలో ఎవరూ చూడలేదు. పుట్టిన పిల్లలు తల్లిదండ్రుల ఒంటిమీది జిగురు నాకి బతుకుతాయని పుస్తకంలో చదివాడు. ఆ ముచ్చట ఒక్కసారి కళ్ళారా చూడాలని ఓటకర్ కోరిక. అంతకు మించి దేవుణ్ణి ఏమీ అడగలేదు.

చేపలు గుడ్లు పెట్టాయి కూడా. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడుసార్లూ తెల్లారేసరికి నత్తలు నాకేశాయి.

ఆ నత్తలు ఇంట్లోకి ఎలా వచ్చాయంటే, ఆయన భార్య లుద్మిల తెచ్చింది. మా వైపు క్యాలెండర్లో ప్రతి పేరుకీ ఒక పండుగరోజు ఉంటుంది; ఆగస్టులో ఓటకర్ పేరు పండుగకి ఏదైనా ఇద్దామని ఆదివారం సంతలో నీటిమొక్కల కట్ట ఒకటి కొంది. ఒక ఆకు అడుగున గంజిచుక్కంత జిగురు అంటుకుని ఉంటే, అవి నత్తగుడ్లని పాపం ఆవిడకేం తెలుసు? రెండు నెలలకి అద్దం మీద వేలు పెట్టే సందు లేదు.

పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. వాళ్ళకి పిల్లలు లేరు. ఓటకర్ ఇంటికొచ్చిన ప్రతివాణ్ణీ అక్వేరియం ముందు నిలబెట్టి, లుద్మిల పేరుని లీదా అని కుదించి, ఇలా అనేవాడు:

"మా లీదా ఆలస్యంగా మొదలెట్టింది గాని, మొదలెట్టాక మళ్ళీ ఆపలేదు. నాలుగొందల మంది. చూడు, అందరూ తల్లి పోలికే."

అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను, ఎందుకు దాచాలి.

వాటిని చంపే పని కూడా ఆవిడకే అప్పజెప్పాడు. "నీ సంతానం, నువ్వే చూసుకో" అన్నాడు. రోజూ సాయంత్రం ఉడికించిన సలాడ్ ఆకుకి రాయి కట్టి అడుక్కి దింపేది. పొద్దున తీస్తే ఆకు నిండా నత్తలు. పాత పెనంలో దులిపి ఒక్కొక్కటే బొటనవేలి గోటితో చిదిపేది. టప్, టప్. ఓటకర్ కాఫీ కప్పు పట్టుకుని వెనకాలే నిలబడేవాడు.

"ఆ బుల్లిదాన్ని వదిలేశావేం?"

"కనపళ్ళేదు."

"కనపడకేం. నీ ముక్కే వచ్చిందని జాలి పుట్టింది."

ఆవిడ దాన్నీ చిదిపేది. అరవై అయితే అరవై, ఎనభై అయితే ఎనభై. మర్నాటికి మళ్ళీ అంతే. నత్తలు తింటుందంటే చారల లోచ్ చేపనొకదాన్ని తెచ్చి వదిలాడు. అది వారం రోజులు తిని, డిస్కస్‌లకి వేసే ఎర్రపురుగుల రుచి మరిగాక ఇల్లరికపు అల్లుడిలా రాయి కింద పడుకుంది. రాగితీగ వేస్తే నత్తలు చస్తాయని ఎవరో అన్నారు. రాగికి చేపలూ చస్తాయని ఓటకర్ వెయ్యలేదు. తన చేపల విషయంలో ఆయన గుండె వెన్న.

డిసెంబరు ఇరవై నాలుగున పొద్దున్నే చూస్తే ఆ జంట అక్వేరియంలోని పలకరాతిని మూతులతో శుభ్రం చేస్తోంది. రెండు మూడు రోజుల్లో మళ్ళీ గుడ్లు పెడుతుందన్నమాట. షెడ్డుకి సెలవు. ఈసారి నత్తల వంశం నిర్మూలం చేసి తీరాల్సిందేనని ఓటకర్ చొక్కా చేతులు మడిచాడు. నాలుగు రోజులుగా బాత్‌టబ్బులో ఈదుతున్న, పండగ వంటకి కొన్న కార్పు చేపని సుత్తితో ఒక్క దెబ్బ వేసి వంటింట్లో పడేశాడు. టబ్బు తోమి, గోరువెచ్చని నీళ్ళు నింపి, కరెంటు హీటరు వేలాడదీసి, డిస్కస్ జంటని అందులోకి మార్చాడు. అక్వేరియంలో మొక్కలు పీకేశాడు, నీళ్ళు తోడేశాడు. ఇక మిగిలింది అడుగున గులకరాళ్ళు, వాటి సందుల్లో నత్తలు. మరుగుతున్న నీళ్ళు పోస్తే సరి.

"పండగ పూట వద్దు, ఓటా" అంది లుద్మిల. "పొయ్యి మీద సూప్ ఉంది. ఎల్లుండి నేనే చేసిపెడతా."

"పండగని నీ పిల్లలు ఉపవాసం చేస్తాయా? సూప్ దింపు."

గిన్నె మరిగిన ప్రతిసారీ ఆవిడ చేతికే ఇచ్చాడు. "నువ్వే పొయ్. తల్లి చేతి మీదుగా పోతే వాటికి పుణ్యం."

పదకొండు గిన్నెలు పోసింది. తెల్లగా ఉడికిన నత్తలు పైకి తేలాయి. లుద్మిల చేతులు కడుక్కుని, కార్పు ముక్కలు పిండిలో దొర్లించి వేయించడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రపు భోజనానికి మా వైపు ఒక కట్టుబాటుంది. బల్ల దగ్గర సరిసంఖ్యలో కూర్చోవాలి. అన్నీ బల్ల మీదికి చేరాక ఇంటావిడ చివరగా కూర్చుంటుంది. ఆవిడ కూర్చున్నాక ఆఖరి పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. లేచినవాడు ఏడాది తిరక్కుండా పోతాడు. చాలామంది దీన్ని నవ్వుతూ పాటిస్తారు. ఓటకర్ నవ్వడు. వాళ్ళ నాన్న ఉప్పు మరిచిపోయామని లేచాడు, ఈస్టరు పండక్కి శవపేటికలో ఉన్నాడు. అప్పుడు ఓటకర్‌కి తొమ్మిదేళ్ళు.

ఓటకర్, లుద్మిల, ఓటకర్ తల్లి విల్మా. ముగ్గురైతే బేసి అవుతుందని పక్కింటి బ్రహ్మచారి, పోస్ట్‌మాన్ హనాక్‌ని పిలిచారు. అదేమిటి, నాలుగో కుర్చీ నాదన్నాను కదూ? హనాక్‌ది. నేను వాళ్ళ కింద ఇంట్లో, నా బాత్రూములో, గోడలోంచి పోయే గొట్టానికి చెవి ఆనించి నిలబడ్డాను. మా బిల్డింగులో ఆ గొట్టం పక్కన నిలబడితే నాలుగంతస్తుల కాపురాలూ వినిపిస్తాయి. వినపడనిది హనాక్ చెప్పాడు. హనాక్ తాగినప్పుడే అబద్ధమాడతాడు. ఆ రోజు కొంచెమే తాగాడు.

సూప్ అయింది. కార్పు ముక్కలు, బంగాళాదుంప సలాడ్ పళ్ళాల్లోకి వచ్చాయి. మొదటి ముక్క నోట్లో పెట్టుకోబోయి ఓటకర్ ఆగాడు.

"ఏమిటా చప్పుడు?"

"నీళ్ళు" అంది లుద్మిల.

"ఎక్కడివి?"

"టబ్బులోవి. కూర్చునే ముందు కుళాయి తిప్పి వచ్చా. నీళ్ళు మారిస్తే చేపలకి హుషారని నువ్వే అంటావుగా."

"వేణ్ణీళ్ళేనా?"

"చూళ్ళేదు. తిను, చల్లారిపోతోంది."

డిసెంబరులో మా చన్నీళ్ళ కుళాయి కింద చెయ్యి పెడితే ఎముక జివ్వుమంటుంది. హీటరు చూస్తే వేలంత. డిస్కస్ అంటే వేణ్ణీళ్ళ దేశపు ప్రాణి. పావుగంటకి ఒళ్ళు నల్లబడుతుంది, అరగంటకి పక్కకి ఒరుగుతుంది. ఆ లెక్క ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలియదు. రెండు చేతులూ బల్లకి ఆనించాడు.

ముసలమ్మ ముల్లు తీసుకుంటూనే, తలెత్తకుండా అంది: "మీ నాన్న కూడా అలాగే చేతులు ఆనించాడు."

ఓటకర్ చేతులు తీసేశాడు.

"అమ్మా, కాస్త త్వరగా తిను."

"నాకున్నవి రెండు పళ్ళురా. ఒకటి పైన, ఒకటి కింద. అవి ఒకదాన్నొకటి వెతుక్కోవాలి."

లుద్మిల ముళ్ళు ఏరుతోంది. ఒక్కొక్కటే వేళ్ళతో లాగి, నాకి, పళ్ళెం అంచున వరసగా పేరుస్తోంది. ఇరవై ఆరేళ్ళలో ఆవిడ ఇంత నెమ్మదిగా తినడం ఓటకర్ చూడలేదు. అసలు ఆవిడ తినడమే ఎప్పుడూ చూడలేదేమో.

"హనాక్" అన్నాడు ఓటకర్. "నువ్వు లేచి ఆ కుళాయి కట్టెయ్యవయ్యా. నీకు ముందూ వెనకా ఎవరూ లేరు."

"లేరు కాబట్టే నన్ను నేనే చూసుకోవాలండీ" అని హనాక్ ఇంకాస్త సలాడ్ వడ్డించుకున్నాడు.

గోడ అవతల నీళ్ళు పడుతూనే ఉన్నాయి. పలకరాతిని శుభ్రం చేసుకున్న ఆ రెండు మూతులే ఓటకర్ కళ్ళకి కట్టాయి. ఒక నిమిషం గడిచింది. ఇంకొకటి. ఆయన తల దించుకుని, పళ్ళెంలోకి చూస్తూ అన్నాడు:

"లీదా. నువ్వెళ్ళి కట్టెయ్."

ముసలమ్మ చేతిలో ఫోర్కు ఆగింది. "ఒరే, అది నీ పెళ్ళాంరా."

"తిప్పిందెవరు? తిప్పినవాళ్ళే కట్టాలి. అయినా అది ఇవన్నీ నమ్మదుగా."

"నేను నమ్మను" అంది లుద్మిల. "నువ్వు నమ్ముతావు."

ఆవిడ చేతిలోని ముల్లుని వరస చివర పెట్టింది. వేళ్ళు తుడుచుకుని, తువ్వాలు మడిచిపెట్టి లేచింది. బాత్రూములో కుళాయి కిర్రుమంది. నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. ఓటకర్ గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, అప్పుడు, ఆ సాయంత్రానికి మొదటిసారిగా, ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

నమలడం అయ్యేలోపే నడవాలో కోటు తీసిన చప్పుడైంది. తరవాత బూట్లు. తరవాత వీధి తలుపు.

"ఎక్కడికే?" అని కుర్చీలోంచే అరిచాడు. లిఫ్టు కిందికి దిగింది. నా అంతస్తు దాటి పోవడం నేనూ విన్నాను.

సగం లేచాడు. "కూర్చో" అంది తల్లి. "నాదింకా అవలేదు."

ముసలమ్మకి ఇంకో పన్నెండు నిమిషాలు పట్టింది. ఆవిడ పళ్ళెం ఖాళీ అయిందని ఓటకర్ కుర్చీ వెనక్కి తోస్తుంటే, ఫోర్కుతో అటు చూపించింది. లుద్మిల పళ్ళెంలో ముక్క సగం అలాగే ఉంది.

"అదెవడు ఖాళీ చేస్తాడు?"

ఓటకర్ దాన్ని ముందుకి లాక్కుని చేత్తోనే కుక్కుకున్నాడు. కార్పు ముళ్ళు గబగబా తినేవాడి కోసమే పుడతాయి. గొంతులో ఒకటి అడ్డం పడింది. ఆ ముల్లుతోనే, ఊపిరి ఈలవేస్తుంటే, బాత్రూములోకి పరుగెత్తాడు.

హీటరు ఎర్రదీపం వెలుగుతూనే ఉంది, నీళ్ళు మాత్రం మంచులా ఉన్నాయి. చేపలు రెండూ అడుగున పక్కకి ఒరిగి ఉన్నాయి, చారలు పోయి బొగ్గులా. పొయ్యి మీద మిగిలిన వేణ్ణీళ్ళు తెచ్చి పోశాడు. హనాక్ గిన్నెలు అందించాడు. మగది అప్పటికే పోయింది. ఆడది కాసేపు మొప్పలాడించి మానేసింది. ఓటకర్ ఏదో అనబోయాడు గాని ముల్లు అననివ్వలేదు. మర్నాడు ఆసుపత్రిలో అది తీశాక కూడా ఆ ఏడాదంతా ఆయన గొంతు పిల్లిగొంతే.

జనవరి ఆరున, కొత్త నీళ్ళు నింపిన ఖాళీ అక్వేరియం అద్దం మీద ఆవగింజంత నత్త ఒకటి పైకి పాకింది. ఎక్కడ దాక్కుందో. ఓటకర్ చాలాసేపు చూసి బొటనవేలితో నొక్కాడు. మర్నాటికి ఏడు.

లుద్మిల ఆ ఏడాది చావలేదు. ఆ తరవాతి ఏడూ చావలేదు. జ్నొయ్మో అనే ఊళ్ళో చెల్లెలి ఇంట్లో ఉంది. మొన్న శరదృతువులో హనాక్‌కి ఊరదోసకాయల సీసా కూడా పంపింది. అందులో సగం నేనే తిన్నాను.

ఇంతసేపూ విన్నారు కాబట్టి చెబుతున్నాను. రెండు పళ్ళు నిజం, ముల్లు నిజం, పదకొండు గిన్నెలూ నిజం. ఒక్కటే నా కల్పన. "నువ్వెళ్ళి కట్టెయ్" అన్నప్పుడు ఓటకర్ తల దించుకున్నాడని రాశాను. హనాక్ ఎదురుగానే కూర్చున్నాడు. దించుకోలేదట. ఆవిడ ముఖంలోకి సూటిగా చూస్తూనే అన్నాడట.