సంత వీధి ఎరుపు

"కాలు ఆపవే, అమ్మడూ. బల్ల కదులుతోంది," అన్నాడు తండ్రి.

ఆమె ఆపింది. కాసేపటికి కాలు తనంతట తానే మళ్లీ ఊగడం మొదలుపెట్టింది. ఇస్త్రీ బల్ల మీది నీళ్ల గిన్నెలో సన్నని అలలు లేచాయి. తండ్రి గిన్నె తీసి కిటికీ గట్టు మీద పెట్టుకున్నాడు.

చిన్నప్పటి నుంచి ఆమె ఒకచోట కుదురుగా కూర్చున్నది లేదు. పిలిచేలోపే మాయమయ్యేదని నగరంలోని పాత వీధిలో అందరూ ఆమెను తుర్రు అనేవాళ్లు. పెళ్లయి, చేతికి పనొచ్చి, లాండ్రీలో సగం బరువు మోసే మనిషయ్యాక కూడా ఆ పేరు పోలేదు. ఈ చిన్న ఊళ్లో మాత్రం ఆ పేరు తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు తండ్రి, ఇంకొకరు ఆమె బావ. మేనత్త కొడుకే మొగుడయ్యాడు కాబట్టి అతనూ ఆ లాండ్రీ ఆవిరిలోనే పెరిగినవాడు. ఇప్పుడు ఇక్కడ వ్యాన్‌లో బట్టలు తెచ్చి ఇచ్చే పని చూస్తున్నాడు.

నగరం వదిలి వెళదామని పట్టుబట్టింది తుర్రే. తండ్రి మోకాళ్లు మెట్లెక్కలేకపోతున్నాయంది. నీళ్లొచ్చే వేళ కోసం కాపలా కాయడం తన వల్ల కాదంది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ తప్ప ఇంకేమీ కనపడదంది. "ఈ ఊరు నన్ను నమిలేస్తోంది నాన్నా," అని రోజూ పోరింది. ఆ లాండ్రీలోనే పుట్టి పెరిగిన తండ్రి చాలా రోజులు ముభావంగా తిరిగాడు. చివరికి దుకాణాన్ని అన్నగారి కొడుక్కి అప్పగించి, తన పాత ఇస్త్రీపెట్టెను గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, కూతురి వెంట వచ్చేశాడు.

వచ్చిన కొద్దిరోజులకే ఆయనకు ఊరు ఒంటబట్టింది. ఎప్పుడు తిప్పితే అప్పుడు నీళ్లొస్తున్నాయని పసిపిల్లాడిలా కుళాయి తిప్పి చూసుకునేవాడు. ఎదురుగా సైకిళ్లు బాగుచేసే ఆయనతో స్నేహం కలిసింది. మధ్యాహ్నం పూట ఇద్దరూ చెరో స్టూలు వేసుకుని, నీ ఇస్త్రీ కంటే నా పంపు గొప్పదంటే, నీ పంపు కంటే నా ఇస్త్రీ గొప్పదని వాదించుకునేవాళ్లు. మెట్లు లేని ఇంట్లో ఆయన మోకాళ్లు మళ్లీ ఆయన మాట వినసాగాయి.

కుదురు లేనిది తుర్రుకే. పని లేనప్పుడు నడవడానికి బయలుదేరేది. నగరంలో మనసులో ఏదైనా పెట్టుకుని నడక మొదలుపెడితే, అది తేలేదాకా వీధులు ఉండేవి. ఒకటి అయిపోతే పక్కనే ఇంకోటి. ఇక్కడ ఆలోచన సగంలో ఉండగానే ఊరు అయిపోయేది. తారు రోడ్డు చివర గడ్డి, గడ్డి చివర ఒక కంచె, కంచె అవతల ఖాళీ నేల. కాసేపు అక్కడే నిలబడి వెనక్కి వచ్చేది. సైకిళ్లాయన తలెత్తి, "ఏమ్మా, ఏదైనా పారేసుకున్నావా? రోజూ వెతుకుతున్నావు?" అనేవాడు. ఆమె నవ్వేసి ఇంట్లోకి వెళ్లిపోయేది.

వాళ్ల లాండ్రీలో తాతల నాటి పద్ధతి ఒకటుంది. బట్టకు చీటీ కట్టరు, సిరాతో అంకె వేయరు. కాలరు లోపల రంగుదారంతో చిన్న కుట్లు వేస్తారు. రంగును బట్టి వీధి తెలుస్తుంది, కుట్లను బట్టి మనిషి. ఎరుపంటే సంత వీధి. నీలమంటే వంతెన కింది వీధి. పసుపంటే బస్సు డిపో వెనక సందు. ఎరుపు మూడు కుట్లంటే సినిమాహాల్లో టిక్కెట్లమ్మే ఆవిడ. ఇదంతా ఎక్కడా రాసుకున్నది కాదు, పెద్దల తలల్లోంచి పిల్లల తలల్లోకి వచ్చింది. తుర్రుకు అక్షరాల కంటే ముందు ఈ కుట్లే వచ్చాయి. నిద్రలో లేపి అడిగినా చెప్పేది. ఇంట్లోవాళ్ల బట్టలకు మాత్రం గుర్తు వేయరు. "అందరివీ తీసేయగా మిగిలినవి మనవి," అనేవాడు తండ్రి.

కొత్త ఊరికి కొత్త రంగులు అనుకున్నారు. ఆకుపచ్చను ఆసుపత్రికి ఇచ్చారు. అక్కడి నర్సుల తెల్లకోట్లే ఈ ఊళ్లో వాళ్లకు దొరికిన మొదటి పెద్ద పని. తండ్రి స్వయంగా వెళ్లి, ఎవరికి ఎన్ని ఆకుపచ్చ కుట్లో ఒక్కొక్కరికీ చెప్పి వచ్చాడు.

ఆ కోట్లు మొదటిసారి తేవడానికి బయలుదేరబోతుండగా తుర్రుకు ఫోనొచ్చింది. నగరం నుంచి పెదనాన్న కొడుకు.

"తుర్రూ, నేనే. ఎలా ఉన్నారే అందరూ?"

"బాగానే ఉన్నాం అన్నయ్యా."

"బాగానే అన్నావంటే బాలేనట్టే. విను. ఇక్కడ కుట్లు తెలిసిన మనిషి లేక తల పట్టుకున్నాను. మొన్న ఒకాయన ప్యాంటు ఇంకొకాయనకి వెళ్లింది. ఆయనా మహానుభావుడు, వేసుకుని ఆఫీసుకి కూడా పోయాడు! పైగదులు ఖాళీగానే పెట్టాను. వచ్చేయండి. బాబాయిని కూడా తీసుకొచ్చేయ్."

"నాన్న రాడేమో."

"నువ్వు పోదామంటేనేగా పోయాడు, వద్దామంటే రాడా? ఆదివారంలోగా చెప్పు. ఆ తర్వాత వేరే మనిషిని పెట్టేసుకుంటా."

ఎవరు చేశారని బావ అడిగితే, "ఎవరో రాంగ్ నంబరు," అంది. వ్యాన్ ఎక్కింది. అన్నయ్య మాటల వెనక వినిపించిన హారన్లు, వీధిలో ఎవరో ఎవరినో పిలిచిన కేక చెవుల్లోంచి పోలేదు. తను ఒక్క మాటంటే అందరూ మళ్లీ అక్కడ ఉంటారు. కిటికీ గట్టు మీద గిన్నె పెట్టుకుని హాయిగా ఇస్త్రీ చేసుకుంటున్న తండ్రి మళ్లీ ఆ మెట్ల మీద ఉంటాడు. ఆసుపత్రిలో నర్సులు ఒక్కొక్కరే వచ్చి కోట్లు ఇస్తుంటే, ఆమె మణికట్టుకు చుట్టుకున్న రంగుదారాల్లోంచి లాగి, నిలబడ్డచోటే కుట్లు వేసి సంచిలో పడేసింది. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. మనసు ఆ చేతి దగ్గర లేదు. తర్వాత వాటిని ఉతికి, ఇస్త్రీ చేసి పంపిందీ తనే, అదే ధ్యాసలో.

శనివారం పొద్దున తలుపు దగ్గర వెలుతురు తగ్గింది. హెడ్ నర్సు నిలబడి ఉంది. నిండైన మనిషి. ఒంటి మీద కోటు చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి.

"ఇది నా కోటేనా? మీరే చెప్పండి!" అంది. "చెయ్యి ఎత్తితే దిగట్లేదు, దించితే ఎత్తడం కావట్లేదు. పేషెంట్లు నవ్వుతున్నారు. నొప్పులతో వచ్చినవాళ్లు కూడా!"

"ముందు కూర్చోండమ్మా," అన్నాడు తండ్రి కంగారుగా.

"కూర్చుంటే చిరుగుతుంది!"

ఆవిడ నిలబడే చెప్పింది. ఆకుపచ్చ కుట్లు చూసుకోమన్నారట. ఒక్క కోటుకీ ఆకుపచ్చ లేదట. ఎరుపు, నీలం, పసుపు ఉన్నాయట. పొద్దున డ్యూటీ తొందరలో ఎవరికి దొరికింది వాళ్లు తగిలించుకున్నారు. ఇప్పుడు ఒకే కొలత ఉన్న ఇద్దరు, మరక లేని కొత్త కోటు నాదంటే నాదని పట్టుకుని లాక్కుంటున్నారు. సిరా మరక ఉన్నది మాత్రం ఎవరిదీ కాదట.

"సాయంత్రంలోగా ఎవరివి వాళ్లకి తేల్చండి. లేదంటే మీకో నమస్కారం. ఎవరింట్లో వాళ్లం ఉతుక్కుంటాం."

తండ్రి ఆవిడ కాలరు కాస్త వెనక్కి మడిచి చూశాడు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాడు.

"ఇది సంత వీధి ఎరుపు కదే," అన్నాడు మెల్లగా.

బావ కూడా తొంగి చూశాడు. "మూడు కుట్లు. మామయ్యా, టిక్కెట్లావిడ ఈ ఊరికెప్పుడొచ్చింది?"

ఎవరూ నవ్వలేదు. తుర్రు ముఖం వేడెక్కింది. "నేను వచ్చి తేలుస్తానండీ," అని చెప్పులు వేసుకుంది.

నర్సుల గదిలో కోట్లన్నీ బల్ల మీద పరిచారు. అందరూ చుట్టూ నిలబడ్డారు. తుర్రు మొదటి కాలరు మడిచింది. అదే, ఎరుపు మూడు. ఎందుకు వేశానా అని ఆలోచిస్తే టిక్కెట్లావిడ కళ్ల ముందుకొచ్చింది. తలెత్తకుండా, అరచేయి చాచి, తర్వాత, తర్వాత అనే మనిషి. ఆ రోజు తలెత్తకుండా, తర్వాతెవరు అంటూ కోటు అందించింది ఎవరు? తుర్రు కళ్లెత్తి చూసింది. మందుల సీసాలు సర్దుతూనే ఉన్న పొట్టి నర్సు కనిపించింది.

"ఇది మీది."

పొట్టి నర్సు తొడుక్కుంది. అతికినట్టు సరిపోయింది.

"అరె, ఎలా చెప్పావు?" అన్నారు అందరూ.

చెప్పక తప్పలేదు. మా పాత వీధిలో ఒకావిడ ఉండేదండీ, మీ మాట తీరు అలాగే ఉంటే చెయ్యి ఆవిడ గుర్తు వేసేసింది అంది. నర్సులకు భలే సరదా వేసింది. నేనెవర్ని, నేనెవర్నని మీద పడ్డారు. ఒకరు చేతిలో గొడుగు లేకుండా గడప దాటని లెక్కల మాస్టారి భార్య అయ్యారు. ఇంకొకరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే బొత్తాల దుకాణం ఆవిడ అయ్యారు.

చివరికి తగువులో ఉన్న రెండు కోట్లు మిగిలాయి. కొత్తదానికి నీలం అయిదు కుట్లు. మరకదానికి పసుపు ఒకటి. నీలం అయిదు వంతెన కింద ఉండే దర్జీ ఆవిడ. ఎవరేమన్నా, పోనీలే అని నిట్టూర్చే మనిషి. పసుపు ఒకటి ఎవరో గుర్తొచ్చేసరికి తుర్రు ఆ కాలరు మళ్లీ మూసేసింది.

"పసుపుది ఎవరు?" అంది పొడుగు నర్సు. ఆమె చెయ్యి కొత్త కోటు మీదే ఉంది.

"డిపో వెనక సందులో ఒకావిడండీ."

"ఎలాంటి మనిషి?"

తుర్రు నేల చూసింది. అబద్ధం చెబితే కొత్త కోటు తప్పు మనిషికి పోతుంది. నిజం చెబితే ఆసుపత్రి పనే పోవచ్చు.

"కుళాయి దగ్గర... ఎవర్నీ ముందుకు పోనిచ్చేది కాదండీ. అందరితోనూ ఏదో ఒక పేచీ."

అందరి తలలూ ఒక్కసారే పొడుగు నర్సు వైపు తిరిగాయి.

"నేనా? నేనెప్పుడైనా ఎవరితోనైనా పేచీ పెట్టుకున్నానా?" అంటూ పొడుగు నర్సు కొత్త కోటును ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. పక్కనున్న జడ నర్సు, "పోనీలే అక్కా, నువ్వే ఉంచుకో," అని నిట్టూర్చింది.

గది గొల్లుమంది. పొడుగు నర్సు కాసేపు బిగదీసుకుని నిలబడి, చివరికి తనూ నవ్వేసి కోటు వదిలేసింది. "సరేలే. మరకది నాదే. పెన్ను జేబులో పెట్టుకున్నది నేనే." మరక కోటు చేతి మీద వేసుకుని, "కనీసం ఆవిడ మంచి మనిషేనా?" అంది.

"మా నాన్నకి మోకాళ్లు పట్టేస్తే మా బిందెలు కూడా ఆవిడే పైకి మోసేదండీ."

"ఆఁ, అలా చెప్పు. ఇప్పుడెక్కడుంది?"

"తెలీదండీ. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఎక్కడికో చెప్పలేదు."

ఇక ఒక్క కోటు సంచిలోనే ఉండిపోయింది. గుర్తు లేదు కాబట్టి వేరెవరిదో పొరపాటున వచ్చిందనుకుని పక్కన పెట్టారట. హెడ్ నర్సు తీసి తొడుక్కుంది. చేతులు నిండుగా మణికట్టు దాకా వచ్చాయి.

"మరి నాకేదీ గుర్తు?" అంది.

తుర్రుకు జ్ఞాపకం వచ్చింది. ఆ రోజు ఆఖరున వచ్చింది ఈవిడే. చెయ్యి దారాల మీద తడుముకుంది, ఏ రంగూ అందలేదు. బయట బావ హారన్ కొట్టేసరికి అలాగే సంచిలో వేసేసింది.

"మీరు ఎవరిలాగానూ లేరండీ."

"ఇది పొగడ్తా, తిట్టా?"

"తెలీదండీ."

హెడ్ నర్సు ఆమెను ఎగాదిగా చూసి, కోటు విప్పి మళ్లీ చేతిలో పెట్టింది. "అయితే ఆలోచించుకుని కుట్టి పట్టుకురా. ఆకుపచ్చే కావాలనేం లేదు."

ఇంటికి వచ్చేసరికి తండ్రి ఇస్త్రీ ఆపేసి కూర్చుని ఉన్నాడు.

"ఆ రోజు ఫోను చేసింది అన్నయ్యేనా?"

"ఊఁ."

"రమ్మన్నాడా?"

"ఊఁ. రేపటిలోగా చెప్పమన్నాడు."

"మరి నీకు పోవాలనుందా?"

తుర్రు మణికట్టు మీది దారాలు లాగుతూ, "ఉండాలని లేదు నాన్నా. పోవాలని ఉందో లేదో తెలియట్లేదు," అంది.

"నా మెట్ల గురించి చూడకు. ఎక్కుతాలే." ఆ మాట అంటూ ఆయన మోకాలు రుద్దుకున్నాడు. రుద్దుకుంటున్నట్టు ఆయనకే తెలియదు.

ఆదివారం పొద్దున తుర్రు తనే ఫోను చేసింది. అటువైపు హారన్లు, ఆవిరి పెట్టె బుస.

"అన్నయ్యా, ఎరుపు మూడు ఎవరికిచ్చావు?"

"ఎవరికిస్తాను? నువ్వే కదే ఇవ్వొద్దన్నది! ఆవిడ వెళ్లిపోయి ఎన్నాళ్లయింది, ఇంకా ఆవిడ రంగు ఖాళీగానే ఉంది. పసుపు ఒకటీ అంతే, నీలం అయిదూ అంతే. ఊరొదిలి వెళ్లినవాళ్ల కుట్లన్నీ దాచి పెట్టి వెళ్లావు. కొత్తవాళ్లకి ఇద్దామంటే తుర్రు కొడుతుందేమోనని భయం."

ఆ వీధులు ఖాళీ అవుతుంటే తను ఒక్కొక్క రంగూ పట్టుకుని కూర్చుంది. పట్టుకోవడానికి ఇక తెలిసినవాళ్లెవరూ మిగలనప్పుడేగా, ఈ ఊరు నమిలేస్తోందని గోల పెట్టింది.

"ఉన్నావా?"

"ఉన్నా. ఇచ్చేయ్ అన్నయ్యా. అడిగినవాళ్లకి ఇచ్చేయ్."

"మరి నువ్వు?"

"నా చోటు కూడా ఇచ్చేయ్."

ఫోను పెట్టేశాక తేలికగా ఉంటుందనుకుంది. లేదు. బల్ల దగ్గర కూర్చుని హెడ్ నర్సు కోటు ఒళ్లో వేసుకుంది. ఎరుపు తీసింది, పక్కన పెట్టింది. ఆకుపచ్చ తీసింది, పక్కన పెట్టింది. చివరికి ఆ రెండూ కలిపి పేని సూదిలోకి ఎక్కించింది. వాళ్ల లాండ్రీలో రెండు రంగులు కలిపి ఎవరూ కుట్టలేదు. తండ్రి ఇస్త్రీ ఆపి చూశాడు.

"ఇది ఏ వీధే?"

"ఏ వీధీ కాదు నాన్నా. ఆవిడదే."

ఆమె కాలు ఊగుతోంది. తండ్రి నీళ్ల గిన్నె తీసి కిటికీ గట్టు మీద పెట్టుకున్నాడు.

కుట్టు ముడి వేసి దారం కొరికి, ఆమె కోటు మడత పెట్టింది. "ఇచ్చొస్తా."

"ఈరోజు ఆదివారం కదే! రేపు ఇవ్వొచ్చుగా!"

ఆ మాట పూర్తయ్యేసరికే ఆమె వీధిలో ఉంది. సైకిళ్లాయన చక్రం పక్కన పెట్టి తలెత్తాడు.

"ఏమ్మా, దొరికిందా?"

"ఇంకా లేదండీ!" అంది తుర్రు, ఆగకుండానే.