ఓడినవాడి పిలుపు

బొమ్మల దుకాణం వెనకగదిలో, ప్లైవుడ్ బల్ల మీద, నంబరు ప్లేట్లు రాసే పెయింటరు తన సైన్యాన్ని ఒక్కొక్క బొమ్మగా దించుతున్నాడు. బొటనవేలంత సిపాయిలు. వాళ్ళ మీసాలు కూడా తనే దిద్దాడు. బల్లకు అవతల బావ. అక్క పోయాక ఈ లోకంలో పెయింటర్ని 'ఏరా' అని పిలిచేవాడు ఆయనొక్కడే మిగిలాడు.

బొమ్మల సైన్యాలతో యుద్ధమాడే ఈ ఆటకు వాళ్ళ మధ్య ఓ కట్టుబాటుంది. మళ్ళీ ఆటకు ఓడినవాడే పిలవాలి. పిలిస్తే గెలిచినవాడు కాదనకూడదు, పిలిచేదాకా ఆట మాట ఎత్తకూడదు. ఇద్దరి పోట్లాటలూ పడలేక అక్క చెప్పిన తీర్పు అది. అందుకే, పిలిచే వంతు తన చేతిలోనే ఉండాలని, ఆవిడ పోయినప్పటి నుంచి పెయింటరు ఓడుతూనే ఉన్నాడు. ఓడటం తేలికనుకుంటారు జనం. చిత్తుగా ఓడితే బావకు విసుగు. వెంట్రుకవాసిలో ఓడాలి. గెలవడం చేతకానివాడికి అలా ఓడటమూ చేతకాదు.

బావ మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నాడు. ఆ కబురు కూడా పరాయి నోటి నుంచే తెలిసింది. కాబట్టి ఇవాళ ఓడి తీరాలి.

ఇద్దరికీ చెరో వెయ్యి పాయింట్లు, ఒక్కో బొమ్మకు ఇన్నని ఖర్చు. అందులోనే ఎవరి సైన్యం వాళ్ళు కట్టుకోవాలి. పెయింటరు సగానికి సగం పొగరుబోతు గుర్రాల మీదే పోశాడు. వాటికో తెగులుంది. అందేంత దూరంలో శత్రువు కనబడితే వద్దన్నా దూకాల్సిందే. బావ ఎప్పుడూ ఈటెలవాళ్ళను ముందు నిలబెడతాడు. గుర్రాలు పోయి ఈటెలకు గుచ్చుకుంటాయి, పని అయిపోతుంది.

"ఏంట్రా, ఇవాళ గుర్రాల సంత పెట్టావ్?"

"భయమేసిందా బావా?"

"గుర్రాలకు కాదు, రౌతుల మీసాలకి. నీకు మొలవనివన్నీ వాళ్ళకి అతికించావు కదరా."

కాసేపు ఆట మామూలుగానే సాగింది. తన వంతు రాగానే బావ టేపు తీసి గుర్రాలకు అందే దూరం కొలిచాడు. ఈటెలవాళ్ళను పక్కకు తప్పించాడు. తన సేనానిని ఒంటరిగా తెచ్చి గుర్రాల ముందు నిలబెట్టాడు. సేనాని పడితే ఆట అక్కడికి సరి.

పెయింటరు బల్ల మీదికి వంగాడు. "బావా, చూసుకోకుండా పెట్టావ్. వెనక్కి తీసుకో."

"చెయ్యి వదిలేశాక తీసుకునేదేంటి? దూకించు. నీ గుర్రాలకి ఆగే గుణం లేదుగా."

పాచికలు వేయక తప్పలేదు. అన్ని గుర్రాలకు అన్ని పాచికలు, ఓడిపోయే వీలే లేదు. గుప్పిట్లో ఎంత నలిపి వేస్తే మాత్రం ఏం లాభం? సేనాని బోర్లా పడ్డాడు.

"గెలిచావురా."

"లేదు బావా, మోసం చేశాను. లెక్కకు మించి పెట్టాను గుర్రాల్ని. ఆట చెల్లదు. ఓడింది నేనే." పచ్చి అబద్ధం.

బావ నవ్వలేదు. "నువ్వు మోసం చేస్తే తక్కువ పెడతావు గానీ ఎక్కువ పెట్టవురా. ఇన్నేళ్ళూ నాకు కళ్ళు లేవనుకున్నావా? పోన్లే అని ఊరుకున్నా."

"మరి ఇవాళ ఏమొచ్చింది?"

"అచ్చం మీ అక్క పోలికేరా నీది. రేపు ఇంకో మనిషిని ఇంటికి తెచ్చుకుని, ఈ మొహం ఎదురుగా ఏ మొహం పెట్టుకుని కూర్చోను చెప్పు?"

చేతిలో ఎన్ని రంగులున్నా ఎవడి మొహం వాడు దిద్దుకోలేడు. 'మళ్ళీ పిలుస్తావా' అన్న మాట పెయింటరు నాలిక చివరిదాకా వచ్చింది. గెలిచినవాడు అడగకూడదు. మింగేశాడు. 'పిలుస్తాలే' అని బావ కూడా అనలేదు. ఆ అబద్ధం చెప్పడానికైనా మనసు రాలేదు ఆయనకు. బొమ్మలు పెట్టెలో సర్దుకుని, పెయింటరు భుజం మీద చెయ్యి వేసి, కాసేపు ఉంచి, వెళ్ళిపోయాడు.

దుకాణం ఆవిడ తలుపు దగ్గర తొంగిచూసింది.

"గెలిచారటగా అన్నయ్యా! మీ బావగారు చెప్పి వెళ్తున్నారు. ఇన్నేళ్ళకి! గెలిచి కూడా ఆ మొహమేంటి, కాస్త నవ్వండి."

నవ్వాడు. గెలిచినవాడు నవ్వకపోతే చూసేవాళ్ళకి బాగుండదు కదా.