శేషుకుమారి గెలిచిన కంచం

నేను ఒక స్టీలు కంచాన్ని. బేరమాడి కొన్న కంచాన్ని కాదు, గెలుచుకున్న కంచాన్ని. ఈ తేడా మనుషులకు పట్టకపోయినా నాకు పట్టింపే. అందుకే కాస్త పొగరు కూడా.

విజయవాడలో ఒక ప్రెస్సు మిషను దెబ్బకి గుండ్రంగా పుట్టాను. దుకాణంలో బోర్లా పడి ఉండగా గన్నవరం హైస్కూలు డ్రిల్లు మాస్టారు వచ్చి, వేలితో నన్ను మోగించి, "ఇది గట్టిపిండం. దీని మీద కొట్టవయ్యా పేరు" అన్నారు. పేర్లు కొట్టేవాడు సూదిమొన మిషనుతో నా అంచు లోపల చుక్కలు చుక్కలుగా పొడిచాడు. 'కె. శేషుకుమారి, డిస్కస్ త్రో, ప్రథమ బహుమతి.' ఒళ్ళంతా జివ్వుమంది. బహుమతి అందుకున్న పిల్ల ఇంటికి వెళ్ళే దారంతా నన్ను అరచేతిలో బిగించి గాలిలో తిప్పుతూనే ఉంది. "కంచాన్ని కూడా విసిరేస్తే అన్నం దేన్లో తింటావే?" అని వాళ్ళమ్మ కసిరింది.

పెళ్ళయ్యాక ఆమెతోపాటు నేనూ సింగ్ నగర్‌లో మూడో అంతస్తు ఇంటికి వచ్చాను. మొగుడు త్రినాథ్ ట్రావెల్స్ బస్సు డ్రైవరు. వాడికి నేను మర్యాద ఇవ్వను, ఎందుకో మీకే తెలుస్తుంది. గిన్నెలన్నింటిలో నేనే బరువుగా ఉన్నానని నన్ను తన కంచం చేసుకున్నాడు. గెలిచింది ఆమె, తినేది వాడు. ఆమెకు కూర గిన్నెలో అడుగున మిగిలిందే భోజనం. కూరలో ఉప్పు తగ్గితే నేను గోడకు తగిలేదాన్ని. ఎక్కువైతే ఆమె వీపుకు తగిలేదాన్ని. అయినా బస్సుందిగా! వారంలో చాలా రాత్రులు హైదరాబాదు రోడ్డు మీదే ఉండేవాడు. ఆ రాత్రులు ఆమె బతికేది.

అప్పుడే కరోనా వచ్చింది. ఒక సాయంత్రం అందరూ బాల్కనీల్లో నిలబడి కంచాలు మోగించాలన్నారు. త్రినాథ్ నన్ను చేతపట్టి గరిటెతో వాయించాడు చూడండీ, నాకు చెవులు ఉంటే పగిలేవి. ఎదుటి మేడ మీద పేరిందేవి గారు చప్పట్లు ఆపి మరీ మెచ్చుకున్నారు. "మీ ఆయన భలే కొడతాడమ్మాయ్! మా ఆయనా ఉన్నాడు, గంట కూడా వాయించలేడు."

శేషు నవ్వింది. పెదవి చిట్లి ఉంది కాబట్టి సగమే నవ్వింది.

తరువాత తలుపులు పడ్డాయి. బస్సులు నిలిచిపోయాయి, మందు దుకాణాలు మూతబడ్డాయి, వాడు ఇంట్లో ఉండిపోయాడు. పొద్దున కాఫీ చల్లారిందని కొట్టాడు, మధ్యాహ్నం ఫ్యాను చప్పుడు చేస్తోందని కొట్టాడు. కొట్టేముందు టీవీ గొంతు పెంచేవాడు. పుట్టింటికి ఫోను చేసిందని ఆ ఫోన్ను నేలకేసి పగలగొట్టి, వీధి తలుపుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. దవడ వాచిన ముఖానికి ఆమె మాస్కు కట్టుకుని బట్టలారేయడానికి వస్తే, "బాల్కనీలోకి కూడా మాస్కే! జాగ్రత్తంటే నీదమ్మాయ్" అన్నారు పేరిందేవి గారు. లోకం మెచ్చుకోవడానికి ఏదో ఒకటి ఎప్పుడూ దొరుకుతుంది.

ఒక సాయంత్రం వాడు బెల్టు తీశాడు. ఆమె బాల్కనీలోకి పరుగెత్తి, తోమి బోర్లించిన నన్ను అందుకుని గరిటెతో బాదింది. "కాపాడండి! చంపేస్తన్నాడండీ!" అని అరిచింది.

ఎదుటి మేడ మీద పేరిందేవి గారు బయటికి వచ్చారు. నన్ను చూశారు, గరిటెను చూశారు. లోపలికి తిరిగి, "ఏవండోయ్, మళ్ళీ కొట్టమన్నారంట! కంచాలు తీసుకురండి!" అని కేకేశారు. అంతే, చిటికెలో వీధి వీధంతా బాల్కనీల్లోకి వచ్చింది. కంచాలు, గంటలు, శంఖాలు, ఈలలు. శేషు గొంతు చిరిగేలా అరుస్తూనే ఉంది, ఎవరికీ వినపడలేదు. ఆమె నోరు తెరిచి ఉండటం చూసి ఉత్సాహమనుకున్నారు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నా జాతి మొత్తం కలిసి ఆమె కేకను ముంచేసింది.

త్రినాథ్ బయటికి వచ్చి ఆమె పక్కన నవ్వుతూ నిలబడ్డాడు. ఒక చెయ్యి వీధికి ఊపాడు. రెండో చెయ్యి వెనక నుంచి ఆమె జుట్టును పిడికిట బిగించింది. సందడి అయిపోయి అందరూ లోపలికి వెళ్ళాక ఆమెను ఈడ్చుకుపోయి, నాతోనే కొట్టాడు. నా అంచు ఆమె నుదుటి మీద ఎముక దాకా దిగింది. ఆ రక్తాన్ని నేను వద్దనలేకపోయాను.

మర్నాడు సాయంత్రం వాడు అన్నం ముందు కూర్చుని, "నిన్న వీధినంతా పిలిచావుగా, ఇయ్యాల పిలువు చూద్దాం" అంటూ లేచి ఆమె గొంతు పట్టుకున్నాడు. ఆమె చేతికందిన నన్ను వాడి ముక్కు మీద బాదింది. రక్తం చిమ్మింది, పట్టు వదిలాడు. నన్ను పట్టుకునే బాల్కనీలోకి పరుగెత్తింది. గరిటె కోసం చూడలేదు. మోగిస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

వీధి చివర సరుగుడు కర్రలు అడ్డం కట్టి, నీడలో పోలీసులు కూర్చున్నారు. 'ఇంట్లోనే ఉండండి, క్షేమంగా ఉండండి' అని మైకు హోరెత్తిస్తోంది. కేక వేసినా అక్కడికి చేరదు. శేషు కాళ్ళు ఎడం చేసి నిలబడింది. మెతుకులు, రక్తం అంటిన నన్ను అరచేతిలో బిగించింది. నడుము వెనక్కి తిప్పింది. ఆ చెయ్యిని నేను గుర్తుపట్టాను. గన్నవరం దారిలో నన్ను తిప్పిన చెయ్యే అది.

ఎగిరాను. కరెంటు తీగలు దాటి, పేరిందేవి గారి వడియాలు దాటి వెళ్ళి పోలీసుల పక్కనున్న రేకు డ్రమ్ముకు ధడేలున తగిలాను. సామ్రాజ్యం అనే కానిస్టేబులమ్మ లాఠీ ఎత్తి, "ఎవడ్రా అది!" అంటూ లేచింది. నన్ను చేతిలోకి తీసుకుంది. రక్తం చూసి తల పైకెత్తింది. మూడో అంతస్తులో ఒక మగవాడు పిట్టగోడ మీదికి ఒక ఆడమనిషిని వంచి గొంతు నులుముతున్నాడు. బయటికి వచ్చినవాళ్ళను కొట్టడానికి ఇచ్చిన లాఠీలు ఆ రోజు ఒక మనిషిని బయటికి తేవడానికి తలుపు పగలగొట్టాయి.

విచారణలో పేరిందేవి గారు ముక్కు చీదుకుంటూ, "చప్పుడు రోజూ వినపడేదండి. మేం ఏ గిన్నెలో అనుకున్నాం" అన్నారు.

కేసు కోర్టుకు ఎక్కింది. నాకు చీటీ కట్టి బల్ల మీద పెట్టారు. త్రినాథ్ బోనులో చేతులు కట్టుకుని ఎంత చక్కగా నిలబడ్డాడో! ఆమె కళ్ళు తిరిగి పిట్టగోడ మీదికి వాలిపోయిందట. వాడు పడిపోకుండా పట్టుకున్నాడట. సాయం కోసం ఆ కంచాన్ని విసిరింది కూడా తానేనట. వాడి వకీలు నన్ను ఎత్తి చూపించాడు. "అయ్యా, అంత ఎత్తు నుంచి వీధి చివరిదాకా! ఇది ఆడమనిషి విసిరే దూరమేనా? నా క్లయింటు విసరకపోతే ఆమె ప్రాణమే దక్కేది కాదు."

జడ్జిగారు శేషు వైపు చూశారు. "ఏమ్మా, ఎవరు విసిరారు?"

ఆమె గొంతు ఆ రోజు నలిగాక మళ్ళీ పూర్తిగా రాలేదు. బల్ల దగ్గరికి వచ్చి, నా అంచు మీద వేలు పెట్టి చూపించింది. జడ్జిగారు కళ్ళజోడు సర్దుకుని చుక్కలు కూడబలుక్కుని చదివారు. రెండోసారి పైకి చదివారు. వకీలు కూర్చున్నాడు. త్రినాథ్ మెడ చాచి నా వైపు చూశాడు. ఇన్నేళ్ళు నాలో తిన్నవాడు నన్ను చదవడం అదే మొదటిసారి.

తీర్పయ్యాక నన్ను ఆమెకు అప్పగించారు. అంచు వంకర, మధ్యలో సొట్ట, ఎక్కడ పెట్టినా ఊగుతాను. ఆమె నన్ను కడిగి, నేల మీద పెట్టి, వేడివేడి అన్నం వడ్డించుకుని, తలుపు తీసే ఉంచి కూర్చుని తింది.