నిన్న పలకని నోరు

బట్టలుతికే గది నుంచి పక్కనున్న పిల్లల గదికి మారాలంటే కూతురితో ఈ పరాయి దేశానికి వలస వచ్చిన ఆమె శుక్రవారం నాడు శిశు కేంద్రం పెద్దమేడమ్ ముందు ఫ్రెంచిలో మాట్లాడి నెగ్గాలి. నెగ్గితే రోజంతా సబ్బునీళ్లలో చేతులు నానబెట్టుకోనక్కర్లేదు, పసివాళ్ల మధ్య హాయిగా ఉండొచ్చు.

సాయంత్రం ఫ్రెంచి క్లాసులో తోటివాళ్లంతా నిన్న తిన్నవీ మొన్న కొన్నవీ గడగడా చెప్పేస్తున్నారు. ఆమెకు మాత్రం జరిగిపోయిన సంగతి నోట పలకదు. జరగబోయేదైతే గుక్కతిప్పుకోకుండా వస్తుంది. బట్టలుతికే గది గోడ అవతల ఆయాలు పొద్దస్తమానం "వా తోంబే", అంటే పడబోతున్నాడు, అని కేకలేస్తుంటే "బోతున్నాడు" అనే ఆ "వా" ఆమె చెవిలో పాతుకుపోయింది. దాని వెనక ఏ క్రియ తగిలించినా ఒక ప్రమాదం తయారు.

"నిన్న ఏం చేశావో చెప్పమ్మా," ఇంట్లో కూతురు సాధన చేయించింది.

"నేను నిన్న... జారిపడబోతున్నాను."

"నయం, ఇంకా పడలేదన్నమాట."

"నవ్వకే తల్లీ. ఆవిడ ముందు ఇలాగే నోరు మొరాయిస్తే ఉన్న పనీ ఊడుతుంది. ఆ తర్వాత నీ చదువేంగాను?"

"అప్పుడే నా చదువు కూడా మాన్పించేశావా?"

శుక్రవారం ఆమె పెద్దమేడమ్ గదిలో కుర్చీ అంచున కూర్చుంది. "నిన్న మీరేం చేశారు?" మొదటి ప్రశ్నే అది. ఆమె దిక్కులు చూస్తుంటే అద్దాల తలుపు అవతల ఒక పసివాడు బొమ్మల పెట్టె మీదికి ఎక్కుతున్నాడు. ఆయా అటు తిరిగి ఇంకెవరిదో ముక్కు తుడుస్తోంది.

"పడబోతున్నాడు," అంది ఆమె ఫ్రెంచిలో, తలుపు తోసుకుపోతూ. "పెట్టె జారబోతోంది. తల గోడకి కొట్టుకోబోతోంది. ఈ పాప పూస మింగబోతోంది. ఆ కిటికీ దగ్గరివాడు ఏడవబోతున్నాడు."

వాణ్ణి చంకనేసుకుని, పాప గుప్పిట్లో పూస లాక్కున్నాక గానీ ఆమె నోరు ఆగలేదు. కిటికీ దగ్గరివాడు అన్నట్టుగానే రాగం అందుకున్నాడు.

గుమ్మంలో పెద్దమేడమ్ నిలబడి ఉంది. అడిగినదానికి జవాబు చెప్పకుండా లేచొచ్చేసింది కదా, ఇక అయిపోయిందనుకుంది ఆమె.

"నిన్నటి సంగతులు నెమ్మదిగా నేర్చుకుందురు గాని," అందావిడ నవ్వుతూ. "ఈ గదిలో వాటితో పెద్దగా పని పడదు. సోమవారం నుంచి ఇటే వచ్చేయండి."

ఇంటికొచ్చి చెబితే కూతురు సంతోషం పట్టలేక మంచం మీదెక్కి గంతులేసింది.

"మెల్లిగా," అంది తల్లి ఫ్రెంచిలో, రెండు చేతులూ చాచి. "పడబోతున్నావు."