ఎలమంచిలి నెత్తురు

మీరా సాహెబ్ ఇంట్లో ఎవరు పోయినా ఆ నేరం దూది మీదికి నెట్టేసేవారు. ఆయన తండ్రి రొమ్ములో నీరు చేరి యాభై రెండేళ్లకే పోయాడు. దుమ్ము పీల్చీ పీల్చీ పోయాడన్నారు. చిన్నాన్నకి ఎడమ కంట్లో నల్లగా కండ పెరిగి చూపు పోయింది, రెండేళ్లకి మనిషే పోయాడు. దూదేకే వింటి నారి తెగి కంటికి తగిలిందన్నారు. అనకాపల్లిలో మూడు తరాలుగా పరుపులు కుట్టే ఇల్లు అది. అన్నం పెట్టిన దూదే మనుషుల్ని తీసుకుపోయిందంటే, కాదనడానికి ఎవరికీ ఏమీ కనపడలేదు.

నదీమ్ దగ్గరికొచ్చేసరికి ఆ మాట చెల్లలేదు. మీరా సాహెబ్‌కీ ఆయన భార్య సకీనాబీకీ వాడు ఒక్కగానొక్క కొడుకు. దూది దగ్గరికొస్తే తుమ్ములని కొట్లో అడుగే పెట్టేవాడు కాదు. తల్లి పుట్టినూరు ఎలమంచిలిలో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. ఇరవై తొమ్మిదో ఏట మూత్రపిండంలో కేన్సరన్నారు. ఏడు నెలల్లో పోయాడు. నలభయ్యో రోజు ఫాతిహా అయ్యాక, అన్నాల దగ్గర కూర్చుని ఆడబడుచు తహ్మీనా అంది: "మా వైపు ఇలాటి రోగం ఎవరికుంది? ఇది ఎలమంచిలి నెత్తురు."

ఆ మాట ఆరేళ్లుగా సకీనాబీ వెనకే నడిచింది. చుట్టాల పెళ్లిళ్లలో పెళ్లికూతురికి గోరింటాకు పెట్టడానికి ఆమెను పిలవడం మానేశారు. మీరా సాహెబ్ అవునని ఎప్పుడూ అనలేదు. కాదని కూడా అనలేదు.

ఈ వేసవిలో ఆయనకే రొమ్ములో నీరు చేరింది. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో నీరు తీశారు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు, నెత్తురు కూడా తీసుకున్నారు. నెల తర్వాత సుప్రియ అనే డాక్టరమ్మ మొగుడూపెళ్లాలిద్దర్నీ కూర్చోబెట్టి, కేన్సరేనని చెప్పి, ఇంట్లో ఎవరెవరు ఎలా పోయారో అడుగుతూ కాగితం మీద బొమ్మ గీసింది. మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి సున్నా. ఈ జబ్బులొచ్చినవాళ్లని నల్లగా నింపింది.

"మన ఒంట్లో ప్రతి కణంలోనూ సన్నటి దారం చుట్టలు చుట్టుకుని ఉంటుందమ్మా. కణం ఏం చెయ్యాలో దాని మీదే రాసుంటుంది. వదులుగా ఉన్నచోట రాసింది పనిచేస్తుంది, బిగిసిపోయిన చోట మూగబోతుంది. బిగియకూడని చోట బిగిసిపోకుండా చూసే జన్యువు ఒకటుంది, బి.ఎ.పి. వన్ అంటారు. మీ ఆయనకి పుట్టుకతోనే అది ఒకటి చెడిపోయింది."

సకీనాబీ కాగితం మీదికి వంగింది. "ఏకకపోతే దూది ఉండ కట్టేసినట్టా అమ్మా?"

సుప్రియ పెన్ను ఆపింది. "సరిగ్గా అంతే. ఆ జన్యువు ఏకేవాడనుకోండి. వాడు లేకపోతే ఉండలు కడతాయి. కణం అదుపు తప్పకుండా కాపలా కాసే జన్యువులు ఆ ఉండల్లో చిక్కుకుని నోరు మూసుకుంటాయి. కేన్సర్ అలా మొదలవుతుంది."

"పుట్టుకతో సెడితే ఈయన ఇన్నేళ్లు ఎలా ఉన్నారు మరి?"

"తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండుంటాయి కదా. ఒకటి చెడినా రెండోది పని లాక్కొస్తుంది. ఎక్కడో ఒక కణంలో ఆ రెండోదీ చెడితే అక్కడ పుడుతుంది. ఒకరికి రొమ్ములో, ఒకరికి కంట్లో, ఒకరికి మూత్రపిండంలో. మీ అబ్బాయికీ ఇదే వచ్చి ఉండాలి." ఆమె తహ్మీనా పేరున్న సున్నా మీద, దాని కింద ఆమె కూతురు అర్ఫా సున్నా మీద వేలు పెట్టింది. "వీళ్లకి వచ్చిందో లేదో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఇద్దర్నీ తీసుకురండి. ముందు కళ్లు చూపించండి. తొందరగా దొరికితే ప్రాణం దక్కుతుంది."

తిరుగు బస్సులో సకీనాబీ ఆ కాగితం నాలుగుసార్లు విప్పింది. ఆయన వైపు నలుపు. తన వైపు అన్నీ తెలుపు. కొడుకు పోయిన ఆరేళ్లకి, వాణ్ణి చంపింది నువ్వు కాదని ఒక కాగితం చెప్పింది. సంతోషపడడానికీ లేదు, ఏడవడానికీ లేదు. ఇంతలో మొన్న అర్ఫా అన్నది గుర్తొచ్చి ఆ పిల్ల పేరున్న సున్నా మీద వేలు పెట్టింది. "ఎడం కంట్లో మెరుపులు మెరుత్తన్నాయత్తా, ఫోన్ ఎక్కువ చూసేస్తన్నానేమో."

కబురు పెడితే తహ్మీనా సాయంత్రానికే వచ్చింది. కాగితం చూసింది, తలుపు గడియ పెట్టింది.

"శుక్రవారం నక్కపల్లోళ్లు పిల్లని సూడ్డానికి వత్తన్నారు. నీకిప్పుడే దొరికిందా వదినా ఈ కాయితం?"

"పిల్ల కంట్లో మెరుపులంటంది తహ్మీనా."

"పెళ్లనగానే అందరికీ మెరుపులే." తహ్మీనా నవ్వబోయింది, నవ్వు రాలేదు. గొంతు తగ్గించింది. "ఆళ్లు అడుగుతారు, నదీమ్ ఎలా పోయేడని. మీ వైపు నుంచి వచ్చిందని సెప్పేయ్ వదినా. ఎలాగూ అందరూ అలాగే అనుకుంటన్నారు కదా. కొత్తగా నీకు పోయేదేటి?"

సకీనాబీ మంచం మీదున్న మొగుడి వైపు చూసింది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "పిల్ల బతుకు సకీనా," అన్నాడు. "సెప్పేయ్."

ముప్పై ఏడేళ్ల కాపురంలో ఆయన ఆమెను బతిమాలింది ఆ ఒక్కసారే.

"సెప్తాను," అంది సకీనాబీ. "కానీ మంగళారం పిల్లని వైజాగు కళ్లాసుపత్రికి తీసుకెళ్లాలి. ఖురాన్ మీద ఒట్టెయ్."

తహ్మీనా ఒట్టేసింది.

శుక్రవారం తహ్మీనా ఇంట్లో పెళ్లికొడుకు మేనత్త తీపి నోట్లో పెట్టుకోకుండానే అడిగింది. "పిల్ల మేనమామకి ఒంట్లో బాగోలేదట, ఆళ్లబ్బాయి సిన్న వయసులోనే పోయేడట. ఏటమ్మా ఆ ఇంట్లో?"

గదిలో అందరూ సకీనాబీ వైపు చూశారు. టీ కప్పుల పళ్లెం పట్టుకుని నిలబడ్డ అర్ఫా కూడా.

"మా ఆయనది దూది దుమ్మమ్మా, మా పనే అంత. నా కొడుకుది మా పుట్టింటి వైపు నుంచి వచ్చింది. ఎలమంచిలి నెత్తురు."

ఆరేళ్లు ఇతరులు అన్న మాట తన నోటితో అనేసరికి నాలుక మీద కుంకుడుకాయ రసం పడ్డట్టయింది. మేనత్త ముఖం విచ్చుకుంది. "అయితే పిల్లకేటీ అంటదులే," అని తీపి తీసుకుంది. నిఖా తారీఖు అక్కడే అనుకున్నారు.

మంగళవారం తహ్మీనా ఫోన్ ఎత్తలేదు. బుధవారం ఎత్తింది. "బట్టలకి ఎల్లాలి వదినా, నెల్లాళ్లే ఉంది. నిఖా అయిపోనీ. ఆ తరవాత ఆళ్లే సూపించుకుంటారు."

"ఒట్టేసేవు."

"మంగళారం అన్నాను. ఏ మంగళారమో అన్లేదు కదా."

కాగితం కోసం బీరువా తెరిస్తే లేదు. మీరా సాహెబ్‌ని అడిగితే దగ్గొచ్చినట్టు దగ్గాడు. పొయ్యి పక్కన కాగితం బూడిద చూసి ఆమె మళ్లీ అడగలేదు. ఆసుపత్రికి ఫోన్ చేసింది. "వాళ్లు వస్తే తప్ప మేం చెయ్యగలిగింది లేదమ్మా," అంది సుప్రియ.

వాళ్ల ఇళ్లలో పెళ్లికూతురి పరుపు మేనమామ ఇంటినుంచే వెళ్లాలి. మేనమామ భార్యే కుట్టాలి. గురువారం గుడ్డ రంగు చూసుకోవడానికి అర్ఫా స్కూటీ మీద వచ్చింది. కొట్లో ఎవరూ లేరు. బూరుగు దూది ఒక మూల గుట్టగా ఉంది. సకీనాబీ తెల్లటి పరుపు గుడ్డ బల్ల మీద పరిచి, కొలతలు గీసే నీలం సుద్దముక్క తీసుకుంది.

"ఇలా రా. ఇది మీ తాత." చతురస్రం గీసి నింపింది. "ఇది ఆయన తమ్ముడు, ఇది మీ మావయ్య, ఇది నదీమ్. అన్నీ ఒకే వైపున్నాయి సూడు. ఇది మీ అమ్మ. ఇది నువ్వు. మీ ఇద్దరివీ ఇంకా ఖాళీ. మీకుందో లేదో తెలీదు. రేపు నాతో వైజాగు వత్తే కన్ను సూపిద్దాం. మీ అమ్మకి సెప్పకు."

అర్ఫా గుడ్డ కేసి చూసింది, అత్త మొహం కేసి చూసింది.

"మొన్న అందరి ముందూ మీ వైపుదని చెప్పేరు కదత్తా."

"అబద్ధం సెప్పేను."

"మా పెళ్లి కుదిరేదాకా మీ వైపుది. కుదిరేక మా వైపుది." అర్ఫా గొంతులో కోపం లేదు, జాలి ఉంది. అదే సకీనాబీకి ఎక్కువ తగిలింది. "అమ్మ ముందే చెప్పింది. నదీమ్ బావ పోయిన దగ్గర్నించీ మా ఇంట్లో మంచి జరిగితే మీరు ఓర్చుకోలేరంట. నేను నమ్మలేదు."

"నా మీద ఏదైనా అనుకో. కన్ను ఒక్కటి సూపించు. మీ సిన్నతాతకి కూడా ఎడం కన్నే. ఇలాగే మొదలయింది."

గుమ్మం దాకా వెళ్లిన అర్ఫా ఆగింది. చెయ్యి దానంతటదే ఎడమ కంటి దగ్గరికి వెళ్లింది.

"ఆయనకి వింటి నారి తగిలింది కదత్తా," అంది అర్ఫా. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని స్కూటీ ఎక్కింది. "గుడ్డ తెల్లదే ఉంచండి. ఆ సుద్ద గీతలు మాత్రం దులిపేయండి."

దులిపితే పోలేదు. తడిగుడ్డతో తుడిస్తే మరింత పాకింది. సాయంత్రం దాకా చూసి సకీనాబీ గుడ్డని తిరగేసింది, గీతలున్న వైపు లోపలికి వచ్చేలా. మూడు పక్కలా కుట్టి, ఏకిన దూది పిడికిళ్లతో తీసి లోపలికి కూరడం మొదలుపెట్టింది.