నీలి రిబ్బను కట్టిన చెట్టు

జూనిపర్ చెట్టు పేరు చెబితే నాకు ఒళ్లు మంట. మా తాత రోజుల్లో అది రాళ్ల గట్ల మీదే ఉండేదట. నేను పశువులు కాసిన ఈ యాభై ఏళ్లలో మా స్టీన్స్ కొండ దిగి, గడ్డి మింగి, ఊటలు పీల్చేసి, సేజ్ కోళ్లనే అడవి కోళ్లు ఆడే బయలు దాకా వచ్చి కూర్చుంది. వసంతంలో తెల్లవారుతుండగా పుంజులు ఆ బయల్లో రొమ్ములు ఉబ్బించి పెట్టల ముందు ఆడతాయి. ఒకప్పుడు అరవై వచ్చేవి. తగ్గి తగ్గి నాలుగుకొచ్చాయి.

నాకు పశువులుంటే చాలు. కోళ్లు కావలసింది నా భార్య ట్రెసాకి. మా అమ్మాయి డార్లా పోయాక చలికాలమంతా మంచం దిగేది కాదు. పుంజులు ఆడే రోజులొస్తే మాత్రం చీకటితోనే లేచి కాఫీ పెట్టి, నన్ను తట్టి లేపేది. ఆ నాలుగూ రాకపోతే ఇక లేవదేమోనని నా భయం. అందుకే జూనిపర్లు కొట్టే రంపాల వాళ్లను పిలిపించాను.

వాళ్ల మేస్త్రి మైతే అనే బాస్క్ జాతి పిల్ల. ముప్పై ఏళ్లుండవు, నోరు మాత్రం ఇంత.

"పెద్దాయనా, తల గుండ్రంగా ఉన్నవి ముసలి చెట్లు. వాటికి నీలి రిబ్బను కడతాం, ముట్టుకోం. మొన తేలిన కుర్ర చెట్లన్నీ కూలాల్సిందే. బయలు పక్కన ఒక్కటి మిగిలినా గద్ద ఎక్కి కూర్చుంటుంది."

"ఈ కొండ మీద పుట్టినోణ్ణి, నాకే చెప్తున్నావా?"

"నీకే చెప్తున్నా. నీలాంటోళ్లే ఏదో ఒకటి దాచుకుంటారు."

బాగానే పట్టేసింది. డిసెంబరులో మేమంతా ఓ కుర్ర జూనిపర్ నరికి తెచ్చి క్రిస్మస్‌కి ఇంట్లో నిలబెడతాం. డార్లాకి ఆరేళ్లప్పుడు, బయలు అంచున ఉన్న ఓ చెట్టును వాటేసుకుని నరకొద్దని ఒకటే ఏడుపు. ఆ ఏడు పండగ మంచులో, దాని చుట్టూనే చేశాం. పందొమ్మిదో ఏట ట్రక్కు తిరగబడి పిల్ల పోయింది. చెట్టు పెరుగుతూనే ఉంది.

"అదీ కొట్టించెయ్యవయ్యా. పిల్ల అందులో లేదు," అంది ట్రెసా.

"సరేలే," అన్నాను. మర్నాడు మైతే అటు తిరగ్గానే ఆమె పనిముట్ల పెట్టెలోంచి నీలి రిబ్బను తీసి డార్లా చెట్టుకి కట్టాను. రంపాల వాళ్లు చూసి తప్పుకుపోయారు. ఆఖరిరోజు మైతే ఆ చెట్టును చూసింది, నన్ను చూసింది. డార్లా సంగతి ఎవరో చెప్పే ఉంటారు. అంత నోరున్న పిల్ల రంపం సర్దుకుని వెళ్లిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది!

ఏప్రిల్లో ట్రెసా, నేనూ ట్రక్కులో కూర్చుని చూశాం. నాలుగూ వచ్చాయి! ట్రెసా నా మోచెయ్యి గిల్లింది.

"ఆ లావుదాన్ని చూడు, అచ్చం నీలాగే పొట్టేసుకుని ఊరేగుతోంది!"

తను నవ్వగా విని ఎన్నేళ్లయిందో. అంతలో డార్లా చెట్టు మీంచి గద్ద దిగి ఆ లావు పుంజును తన్నుకుపోయింది. తక్కిన మూడూ లేచిపోయాయి. మర్నాడు రాలేదు. ఆ నెలంతా రాలేదు.

ట్రెసా నడిచి వెళ్లి కొమ్మకున్న రిబ్బను చూసింది.

"నువ్వేనా?"

"నేనే."

తిడుతుందనుకున్నాను. వచ్చి ట్రక్కులో కూర్చుని, "ఇంటికి పోదాం," అంది.

చెట్టును నా చేతుల్తోనే నరికాను. ఏం లాభం, నా మొహం!

ఏడాది తిరిగింది. ఊటలో నీళ్లొచ్చాయి, గడ్డి మొలిచింది, పశువులు బలిశాయి. కొండ ఇంత శుభ్రంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు చీకటితో లేచేది నేను. బయలు దాకా పోయి చూసొచ్చి, కాఫీ పెట్టి ఆమె మంచం దగ్గరికి తీసుకెళ్తాను.

"వచ్చాయా?" అంటుంది, కళ్లు తెరవకుండానే.

"లేదు."

గోడవైపు తిరిగి పడుకుంటుంది.