వాపసొచ్చిన గొంగడి

కరీంనగర్ కలెక్టరేట్‌లో విచారణ గది బయట బెంచీ మీద భూమిక కూర్చుంది. పక్కన తల్లి ఎల్లక్క. లోపలికి పిలవడానికి పావుగంట కూడా లేదు. భూమిక ఒళ్లో ఒక కాగితం ఉంది. దాని మీద సంతకం పెడితే ఫిర్యాదు వెనక్కి తీసుకున్నట్టే.

ఆ కాగితం తెచ్చిచ్చినవాడు హరీష్, ‘అంగడిబాట’ కంపెనీ మనిషి. సూది నుంచి సోఫా దాకా ఇప్పుడు జనం కొనేదంతా ఆ ఒక్క యాప్‌లోనే. పోటీకి వచ్చిన చిన్నాచితకా యాప్‌లను అది ఎప్పుడో మింగి కూర్చుంది.

“పెట్టున్రి మేడం. పది నిమిషాలల్ల యాప్‌ల మీ దుకాణం మళ్ల తెరుచుకుంటది, అదీ మొదటి పేజీల. సర్కారు తీర్పంటే రెండేండ్లు. అప్పటిదాంక మీ గొంగళ్లకు పురుగు పట్టదా?”

పడుతుంది. భూమిక భయం కూడా అదే. ఇంట్లో అరవై గొంగళ్లు మూలుగుతున్నాయి. తండ్రి కొమురెల్లి మగ్గం దిగి నెల దాటింది. సంతల్లో గొంగడి అడిగేవాడు లేని కాలంలో ఆ యాపే వాళ్లకు అన్నం పెట్టింది, కాదనకూడదు. ఏడాదిపాటు మగ్గం ఆగలేదు. తర్వాత వాపసులు మొదలయ్యాయి, ‘అట్టలా ఉంది’ అని. కొత్త గొంగడి అట్టలాగే ఉంటుంది మరి! ఉన్ని దారానికి చింతగింజల గంజి పెడతారు. నీళ్లలో నానబెట్టి, తొక్కి ఆరేస్తే మెత్తబడుతుంది. ఆ ముక్క యాప్‌లో రాయాలని భూమికకు తోచనే లేదు. అది కూడా తెలియని మనుషులు ఉంటారని గొంగళ్లు నేసే కురుమోళ్ల ఇంట పుట్టిన పిల్ల ఎలా అనుకుంటుంది? వాపసులు హద్దు దాటాయని యాప్‌లో వాళ్ల దుకాణాన్ని కంపెనీ మూసేసింది; వాపసు సరుకు ఇంటికి రాలేదు, కంపెనీ గోదాంలోనే ఉండిపోయింది. ఆ నెలలోనే కంపెనీ సొంత గొంగడి మొదటి పేజీకెక్కింది, మెత్తమెత్తగా. అందుకే భూమిక సర్కారుకు ఫిర్యాదు పెట్టింది.

“ఏం జెయ్యాలె అవ్వా?” తల్లిని అడిగింది.

“నాకేం ఎరుక బిడ్డా. మీ బాపు మొకం మాత్రం సూడలేకపోతున్న.”

అంతలో లోపలికి పిలుపొచ్చింది.

పెద్ద కంపెనీల ఆగడాలు విచారించడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన అధికారి విజయేందర్. ఆయన ముందు హరీష్ తమ కంపెనీ అమ్ముతున్న గొంగడిని బల్ల మీద పరిచాడు.

“మేం ఎవర్ని బలవంతం జెయ్యలే సార్. కొనేటోడు వద్దన్నడు, మేం ఇన్నం. మాది మంచిగుంది, కొంటున్నడు. గీ బేరంల సర్కారుకేం పని?”

విజయేందర్ భూమిక వైపు తిరిగాడు. “నానబెట్టాలని రాసినవా అమ్మా?”

“రాయలే సార్.” ఆ మాట అనేసరికి ఆమెకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

“మరి తప్పు వాళ్లదని నేనెట్ల రాయాలె?”

హరీష్ కాగితం వైపు చూసి చిన్నగా తలూపాడు. భూమిక పెన్ను తీసింది.

ఎల్లక్కకు బట్ట కనబడితే చెయ్యి ఊరుకోదు. బల్ల మీది గొంగడిని తిరగేసి చూస్తోంది. మగ్గం వెడల్పు చాలదు కనుక గొంగడిని రెండు పట్టీలుగా నేసి, నడుమ కలిపి కుడతారు. వాళ్లింట్లో నేత కొమురెల్లిది, కుట్టు ఎల్లక్కది. ఆమె బొటనవేలు ఆ కుట్టు వెంట నడిచి నడిచి ఆగిపోయింది.

“సంతకం పెట్టకు బిడ్డా. గిది నేను కుట్టిందే, నానబెట్టి మెత్తగ జేసిన్రు.”

హరీష్ నవ్వాడు. “అందరి కుట్టు ఒక్కతీరే ఉంటదమ్మా.”

“నాది ఉండది. నాది ఎడమచెయ్యి. సారూ, జర సూదీ దారం ఇప్పియ్యున్రి.”

ఫైళ్లు కుట్టే సూది తెచ్చిచ్చారు. ఎల్లక్క గొంగడి అంచున ఎడమచేత్తో బెత్తెడు కుట్టింది. కొత్త కుట్టు, పాత కుట్టు ఒకే పక్కకు వాలి ఉన్నాయి. విజయేందర్ వంగి రెండింటినీ చాలాసేపు చూశాడు.

“వాపసొచ్చిన మాల్ ఏం జేస్తరు మీరు?” అని హరీష్‌ని అడిగాడు.

“గోదాంలనే కాలబెడ్తం సార్. రికార్డుంది.”

“కాలబెట్టిన గొంగడి నా బల్ల మీదికెట్ల వచ్చింది?”

హరీష్ కుర్చీలో వెనక్కి జరిగాడు. బల్ల కింద అతని వేళ్లు ఫోన్ మీద గబగబా కదిలాయి.

విజయేందర్ వాంగ్మూలం రాయించి, గొంగడికి సీలు వేయించాడు. “తీర్పుకు టైం పడ్తదమ్మా. నేను మీకు అబద్ధమెందుకు చెప్పాలె,” అన్నాడు. ఎల్లక్క వేలిముద్ర వేస్తుండగా భూమిక ఫోన్ మోగింది. నియమాలు ఉల్లంఘించినందుకు మీ ఖాతాను శాశ్వతంగా రద్దు చేస్తున్నాం, అని కంపెనీ సందేశం.

ఇంటికి పోయి తండ్రికి ఏం చెప్పాలి? భూమిక సంతకం పెట్టని ఆ కాగితాన్ని రెండుగా చింపి, ఫోన్‌ను విజయేందర్ ముందుకు జరిపింది.

“గిది గూడ రాసుకోన్రి సార్.”